వడియం అనే పని పూర్తయిన విధము

మా మునిసిపాలిటీకి దయ పుట్టింది. ఏ తేదీన పుట్టిందో కూడా చెప్పగలను, ఎందుకంటే ఆ తీర్మానం టైపు కొట్టింది నేనే.

కమిషనరుగారు ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. అక్కడ తెర మీద ఒక ముసలికుక్క బొమ్మ వేసి చూపిస్తే హాలంతా కళ్లు తుడుచుకుందట. తిరిగొచ్చిన మర్నాడే మీటింగు పెట్టి, మన ఊళ్లో వయసు మళ్లిన కుక్కల్ని కాలవగట్టు మీద వదిలేసి పోతున్నారని, ఇది పట్టణ నాగరికతకే మచ్చ అని, వాటి ఆఖరి రోజులు ఇకమీదట మునిసిపాలిటీయే చూస్తుందని సెలవిచ్చారు.

మాట నిజమే. పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో కూచోబెట్టుకుని ఫొటోలు దిగిన కుక్కకి పన్నెండేళ్లొచ్చి, కళ్లకి పొరలొచ్చి, హాల్లో పాలరాతి మీద తడి చేయడం మొదలుపెడితే, డాక్టరు చీటీ రాసిచ్చిన రోజునే ఇంటిల్లిపాదికీ ఎలర్జీ వస్తుంది. కారెక్కించి గట్టు దాకా తెచ్చి దింపేస్తారు. పక్కన దాని దిండు కూడా పెడతారు. దిండు పెట్టాం కనక మనం మంచివాళ్లమే అనుకుంటూ ఇంటికి పోతారు.

పాత ఎరువుల గోడౌనుకి సున్నం కొట్టి ‘వయోవృద్ధ శునక చరమాంక సేవా కేంద్రం’ అని పేరు రాయించారు. గోడ చాలక ‘కేంద్రం’ అన్న మాట సందు వైపుకి తిరిగింది. జూనియర్ అసిస్టెంటుగా నన్ను వేశారు. ప్రత్యేకాధికారిగా త్రివిక్రమరావుగారిని వేశారు. దయ విషయంలో అనుభవమున్న అధికారి మా ఆఫీసులో ఎవరూ లేరు. త్రివిక్రమరావుగారు ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా రోడ్లూ డ్రైన్లూ వేయిస్తున్న ఇంజనీరు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. దారిలో చీమ కనబడితే పక్కకి జరిగి నడిచే మనిషి. ఆ చీమకి ఒక ఫైలుంటే మాత్రం ఫైలు ప్రకారం నడుస్తారు.

కుక్కల సేవకి ఫారాలెలా ఉండాలో ఎవరికీ తెలీదు. ఆయనకి తెలిసిన ఫారం ఒక్కటే, రోడ్డు పనిది. ఆయన దాన్నే ముందు పెట్టుకుని నాకు బోధించారు.

“చూడవయ్యా. ప్రతి పనికీ ఒక అంచనా ఉండాలి. ఒక ప్రారంభం ఉండాలి. ఒక గడువుండాలి. చిట్టచివర పని పూర్తయిందన్న ధ్రువపత్రం ఉండాలి. ఈ నాలుగూ లేనిదేదీ ప్రభుత్వం దృష్టిలో లేదు.”

ఆ విధంగా మా కేంద్రంలో చేరిన ప్రతి కుక్కా ఒక పని అయింది. పని పూర్తి కావడమంటే కుక్క పోవడం. గడువు తొంభై రోజులు. తొంభై ఎందుకని అడిగాను. సైడు డ్రైను పనికి గడువు తొంభై రోజులట, ఫారం మీద ఆ అంకె ముందే అచ్చయి ఉందట, కొట్టేసి వేరే రాస్తే ప్రతిసారీ పక్కన సంతకం పెట్టాలట.

ప్రజాధనంతో జరిగే పనుల వివరాలు ప్రజలకు కనబడేలా రాయాలని నిబంధన. అందుకని ప్రతి బోను ముందూ పసుపు బోర్డు నాటించారు. మొదటి బోర్డు మీద ‘పని పేరు: గోల్డీ చరమాంకం. గడువు: తొంభై రోజులు. నాణ్యతపై ఫిర్యాదులుంటే ఈ దిగువ నెంబరుకు తెలుపగలరు’ అని ఉండేది. గోల్డీ ఒక లాబ్రడార్. దాన్ని తెచ్చిన దంపతులు కేకు కోసి, వీడ్కోలు వీడియో తీసుకుని, ఆ బోర్డు పక్కన నిలబడి ఏడ్చి, గంటలోపు వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

ఆ వారంలోనే సింగారమ్మ వచ్చింది. కోర్టు వెనక వీధిలో ఆవిడది ఇస్త్రీ బండి. నా చొక్కాలు పదేళ్లుగా ఆవిడే చేస్తుంది. బండి కింద, బొగ్గుల పెట్టె వెచ్చదనం తగిలే చోట ఒక గోధుమరంగు ఊరకుక్క పడుకుని ఉండేది. కూనగా ఉన్నప్పుడు ఎండలో చదునుగా పడుకునేదట, అందుకని దానికి వడియం అని పేరు పెట్టింది. పద్నాలుగేళ్లొచ్చాయి. కిడ్నీలు పోయాయి. రోజు విడిచి రోజు సెలైను పెట్టాలని ప్రైవేటు క్లినిక్కువాళ్లన్నారు. వాళ్ల ఒక్క వారం బిల్లు, ఆవిడ నెలంతా చొక్కాలు మడతపెడితే వచ్చేదానికన్నా ఎక్కువ. రెండు వారాలు చీటీపాట డబ్బుతో లాగి, మూడోవారం దాన్ని దుప్పట్లో వేసుకుని మా గుమ్మం ఎక్కింది.

“వదిలించుకోడానికి రాలేదండి,” అంది ముందుగానే. “నొప్పడతన్నాడండి, సూళ్లేకపోతన్నాను. ఒక్కటే అడుగుతాను బాబుగారూ. ఆడు పోయేటప్పుడు నాకు కబురెట్టండి. ఇస్త్రీ సేసిన యేడిగుడ్డ వాసన లేపోతే ఆడికి నిద్దరపట్టదు. ఒక్కడే బెంగెట్టుకుని పోతాడండి.”

పిలుస్తానని మాటిచ్చాను. తరవాత అప్పగింత ఫారం చదివి వినిపించాను. ‘శునకము పూర్వపు వృత్తి’ అన్నచోట ఆవిడ “బండికింద పడుకోడవేనండి” అంటే నేను ‘కాపలా’ అని రాశాను. పదమూడు షరతులూ నింపాదిగా చదివాను. పద్నాలుగోది ఇలా ఉంది: ‘అప్పగించిన క్షణము నుండి సదరు శునకము తాలూకు మనుషులెవరును లేరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ పెద్దాసుపత్రి వరండాలో నర్సు బయటికొచ్చి ఫలానావారి తాలూకు ఎవరండీ అని కేకేస్తే ఎవరో ఒకరు లేచి నిలబడతారు చూడండి, ఆ తాలూకు. అది చదవడానికి నాకు నోరు రాలేదు. మామూలేనమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యండి అన్నాను. వేసింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది.

వడియానికి ఆరో నెంబరు బోను ఇచ్చాం. పశువుల ఆసుపత్రి నుంచి వారానికి మూడుసార్లు డాక్టరు మెహరున్నీసా వచ్చేది. సెలైను పెట్టింది, నొప్పికి మందిచ్చింది, ఉప్పులేని అన్నంలో గుడ్డు తెల్లసొన కలిపి పెట్టించింది. మూడో వారంలో వడియం లేచి కూచుంది. నలభయ్యో రోజున త్రివిక్రమరావుగారిని చూసి మొరిగింది. ఆ పూటే ఆయన పనుల పురోగతి మీద సమీక్షా సమావేశం పెట్టారు. సమావేశమంటే ఆయనా, నేనూ, డాక్టరూ.

మొత్తం పదకొండు పనుల్లో రెండు పూర్తయ్యాయని చెప్పాను. మిగతా తొమ్మిదీ ఏ దశలో ఉన్నాయని ఆయన అడిగారు. కోలుకుంటున్నాయన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“కోలుకోవడమన్నది అంచనాలో ఉందా?”

“లేదు సార్.”

“అంచనాలో లేని పని ఎవరి ఉత్తర్వుల మీద జరిగింది?”

సాయంత్రానికల్లా డాక్టరుకి మెమో వెళ్లింది. ‘తమరి వైద్యము మూలముగా పనులు తీవ్ర జాప్యమునకు లోనగుచున్నవి, సంజాయిషీ తెలుపగలరు’ అని. నొప్పి తగ్గించమని మీరే రాశారు, తగ్గించాను, నొప్పి తగ్గాక వాటికి బతకాలనిపిస్తే అందులో నా తప్పు లేదు అని ఆవిడ జవాబు రాసింది. త్రివిక్రమరావుగారు దాన్ని చదివి, భాష బాగానే ఉంది గానీ నిబంధన ఉదహరించలేదని తిప్పి పంపారు.

తొంభై రోజులూ నిండాయి. గడువు పొడిగించడానికి ఒక ఫారముంది. ఆలస్యానికి కారణాలు దాని మీద అచ్చయి ఉంటాయి, ఒకదానికి టిక్కు పెట్టాలి. వర్షాలు, ఇసుక కొరత, కూలీల సమ్మె, కోర్టు స్టే. కుక్క చావకపోవడానికి వీటిలో ఏది దగ్గరగా ఉంటుందా అని పొద్దుటినుంచీ ఆలోచించాను. గోల్డీకి వర్షాలు పెట్టాను. వడియానికి ఇసుక కొరత పెట్టాను. రెండూ మంజూరయ్యాయి.

రెండోసారి పొడిగించాలంటే ముందు మూడు నోటీసులివ్వాలి. ‘నిర్దేశిత గడువులోగా పని పూర్తి చేయకుండుటకు మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలియజేయవలెను’ అని టైపు కొట్టి, ఆరో నెంబరు బోనుకి మైదా జిగురుతో అంటించాం. వడియం మూడు నోటీసుల్నీ జిగురు కోసం నాకి చింపేసింది. నేను రిజిస్టరులో ‘నోటీసులు స్వీకరించెను, సమాధానమివ్వలేదు’ అని రాశాను.

ఇక సింగారమ్మ సంగతి. ఆవిడ రోజూ పొద్దున్న పది గంటలకి, బొగ్గులు రాజేసి మొదటి వాయి బట్టలయ్యాక, ఒక పాత చీరముక్క వేడిగా ఇస్త్రీ చేసి మడిచి పట్టుకుని మా గేటు దగ్గరికొచ్చేది. లోపలికి రానిచ్చే వీల్లేదు. పని జరిగే స్థలంలో సంబంధం లేని వ్యక్తులు తిరగకూడదని, పైగా ఆవిడకి హెల్మెట్టు కూడా లేదని త్రివిక్రమరావుగారన్నారు. నేను ఆ గుడ్డ తీసుకెళ్లి బోనులో పరిస్తే వడియం అందులో మూతి పెట్టుకుని నిద్రపోయేది. ఆవిడ గేటు చువ్వల మధ్యనుంచి అది చూసి వెళ్లిపోయేది.

ఒకరోజు వెళ్లలేదు. నన్ను పక్కకి నెట్టి తిన్నగా త్రివిక్రమరావుగారి గదిలోకి నడిచింది.

“సచ్చిపోతాడన్నారని ఇచ్చానండి. సావలేదు కదండీ. ఇచ్చేయండి మరి.”

ఆయన ఆవిణ్ని కూచోమన్నారు. మంచినీళ్లు తెప్పించారు. “అమ్మా, సగం వేసిన రోడ్డు మధ్యలో తవ్వుకుపోతామంటే ఎవరికైనా ఇస్తామా? పని పూర్తి కావాలి. అయ్యాక ప్రజలకి అప్పగిస్తాం. ప్రజలంటే మీరే కదా.”

“రోడ్డయితే నన్ను సూసి తోకూపదు కదండీ,” అంది సింగారమ్మ. ఆయన దగ్గర దానికి నిబంధన లేదు. 

మార్చి నెల వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా పెండింగు పనులన్నీ యుద్ధప్రాతిపదికన పూర్తి చేయాలని కమిషనరుగారి సర్క్యులరు వచ్చింది. అది రోడ్లకీ, మరుగుదొడ్లకీ, మాకూ కలిపి ఒకటే సర్క్యులరు. యుద్ధప్రాతిపదికన అన్న మాట చదివి డాక్టరు తన సంచీ మూసేసింది. నడిచి తిరుగుతున్న కుక్క మీద సూది ఎత్తేది లేదని, కావాలంటే ఉద్యోగం తీసేసుకోమని చెప్పింది.  త్రివిక్రమరావుగారు మూడు వారాలుగా గోల్డీకి చాటుగా బిస్కెట్లు పెడుతున్నారని నాకు తెలుసు. ఆ పక్కనే సర్క్యులరు ఉంది. ఆయన సర్క్యులరుకి ఎదురు తిరిగిన మనిషి కాదు.

ఏదో ఒకటి చెయ్యకపోతే ఆరో నెంబరు బోను ఖాళీ అవుతుంది. సింగారమ్మని పిలవడానికి కూడా టైముండదు. ఆలోచించి ఆలోచించి, మా మునిసిపాలిటీలో నేను నేర్చుకున్న విద్యనే ఆయన ముందు పెట్టాను.

“సార్, పదిహేనో వార్డు సిమెంటు రోడ్డు పూర్తయిందా?”

“నాలుగేళ్లయింది కదయ్యా.”

“అక్కడ రోడ్డుందా సార్?”

ఆయన కలం మూత బిగించారు.

“పని పూర్తవడానికి రోడ్డే ఉండక్కర్లేనప్పుడు, కుక్క మాత్రం ఎందుకు పోవాలి సార్?”

 ఆయన ముఖం మెల్లగా విప్పారింది. ముప్ఫై ఒక్క సంవత్సరాల అనుభవం ఒక మంచిపనికి అక్కరకొచ్చిన రోజు ఆయనకదే మొదటిది అనుకుంటాను.

మార్చి ముప్ఫై ఒకటిన తొమ్మిది పనులూ ఒక్క విడతలో పూర్తయ్యాయి. ధ్రువపత్రం మీద సంతకం ఇంజనీరుది కనక డాక్టరుని ఇబ్బంది పెట్టలేదు. సాక్ష్యంగా ఫొటోలు కావాలి. మధ్యాహ్నం పెరుగన్నం పెట్టించి, అన్నీ కునుకు తీసే వేళకి మెడలో బంతిపూల దండలు వేసి తీశాం. వడియం మాత్రం మాటిమాటికీ లేచి దండ తినడానికి చూసింది. సింగారమ్మ ఇచ్చిన వేడిగుడ్డ మూతి కింద పెట్టాక గాని ఫొటో కుదరలేదు. కమిషనరుగారు వచ్చి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రెండు నిమిషాల్లోనూ ఎవరో గురక పెట్టారు, అది కుక్కేనని రికార్డు చేయలేకపోయాం. నూరు శాతం లక్ష్యం సాధించినందుకు మా కేంద్రానికి షీల్డు వచ్చింది.

పని పూర్తయ్యాక మిగిలిన సామగ్రిని, అడిగినవారికి రసీదు మీద ఇవ్వవచ్చని నిబంధన ఉంది. కంకరా, ఖాళీ డ్రమ్ములూ అలాగే పోతాయి. నేను జాబితా రాశాను. గిన్నెలు తొమ్మిది, పూడ్చడానికని ముందే తవ్వించి వాడని గోతులు తొమ్మిది, వడియం ఒకటి. స్థితి అన్నచోట ‘వాడినది, పనికివచ్చును’ అని రాశాను. సింగారమ్మ వేలిముద్ర వేసి తీసుకెళ్లింది. గోల్డీని త్రివిక్రమరావుగారు తాత్కాలిక భద్రత నిమిత్తం ఇంటికి తీసుకెళ్లారు. మిగిలిన ఏడూ సామగ్రి హోదాలో మా దగ్గరే అన్నం తింటూ ఉండిపోయాయి.

వారం తిరిగేసరికి కమిషనరుగారి సంతాప లేఖ సింగారమ్మకి చేరింది. ఆవిడకి చదవడం రాదు కనక బండి దగ్గర నిలబడి నేనే చదివాను. తమ ప్రియ శునకము వడియం అకాల మరణమునకు పురపాలక సంఘము దిగ్భ్రాంతి చెందినది అని ఉంది. వడియం బండి కిందనుంచి తల బయటపెట్టి వింది.

“ఎంత బాగా రాసారండి, పాపం,” అంది సింగారమ్మ.

నాలుగు నెలలు బాగానే గడిచాయి. శ్రావణమాసంలో వడియం మళ్లీ తిండి మానేసింది. వెనక కాళ్లు ఈడ్చింది. బండి దగ్గరికి వచ్చి చూసిన డాక్టరు ఈసారి దాచకుండా చెప్పింది. ఇంక మందుల్లేవు, ఉన్నది నొప్పే, ప్రశాంతంగా పంపించాలి, ఆ ఇంజక్షను మీ కేంద్రం నుంచి ఇండెంటు కాగితం వస్తేనే ఆసుపత్రిలో ఇస్తారు అంది. ప్రైవేటులో చేయించే స్తోమతు సింగారమ్మకి లేదు. దుప్పట్లో వేసుకుని మళ్లీ మా గుమ్మం ఎక్కింది. దుప్పటి కూడా అదే.

త్రివిక్రమరావుగారు నిజంగానే బాధపడ్డారు. కానీ ఫైలు తెరిచారు. “పూర్తయిన పనికి రెండో అంచనా వెయ్యడం కుదరదయ్యా. ఒకే రోడ్డు రెండుసార్లు వేశామంటారు. ఇప్పటికే సంతాపం కూడా తెలిపేశాం.”

నాకు ఒళ్లు మండిపోయింది. గోడకి అవతల వడియం మూలగడం ఇద్దరికీ వినిపిస్తోంది. ఆ మూలుగుకి కూడా ఫారం కావాలంటే ఫారమే ఇద్దామనుకుని, రోడ్డు పని ఫారంతోబాటు మా ఫైల్లోకొచ్చిన ఒప్పందపు కాగితాలు మొదటినుంచీ చదివాను. ముప్ఫైరెండో షరతు దగ్గర ఆగాను. ఇంజనీర్లు దాన్ని డిఫెక్ట్ లయబిలిటీ అంటారు. పని పూర్తయిన ఏడాదిలోపు అందులో ఏదైనా లోపం బయటపడితే, కొత్త అంచనా లేకుండా, ఉన్నచోటికే వెళ్లి సరిచేసి తీరాలి. గుంటలు పడిన రోడ్ల కోసం పెట్టిన షరతు. రోడ్ల విషయంలో దాన్ని ఎవరూ వాడగా నేను చూడలేదు.

నోటు రాసి ఆయన ముందు పెట్టాను. ‘మార్చి 31న పూర్తయినట్లు ధ్రువీకరించిన పనిలో లోపము తలెత్తినది. సదరు శునకము చనిపోవుట సంపూర్ణముగా జరగలేదని స్థానికుల ఫిర్యాదు.’

రెండుసార్లు చదివారు. “లోపం తీవ్రత ఎంత?”

“ఊపిరి ఉంది సార్.”

సంతకం పెట్టారు. పెట్టి, తలెత్తకుండానే, లోపం ఉన్నచోటే సరిచేయాలని నిబంధన కనక డాక్టరుని బండి దగ్గరికే తీసుకెళ్లమన్నారు.

పది గంటలైంది. బొగ్గులు రాజుకుని ఉన్నాయి. సింగారమ్మ చీరముక్క మీద నీళ్లు చిలకరించి, పెట్టె ఆనించి, అంచులతో సహా శుభ్రంగా ఇస్త్రీ చేసింది. బండి కింద పరిచింది. వడియాన్ని దాని మీద పడుకోబెట్టగానే అది మూతి గుడ్డలోకి దోపుకుంది. డాక్టరు మొదట నిద్రకి సూది వేసింది. వీధిలో జనం చొక్కాల కోసం వచ్చి, చూసి, మాట్లాడకుండా పక్కన నిలబడ్డారు.

“పడుకోరా,” అంది సింగారమ్మ చెవి దగ్గర. “నేనిక్కడే ఉన్నాను. యేడి తగుల్తందా?”

రెండో సూది వేసేసరికి ఆవిడ చెయ్యి దాని తల మీదే ఉంది. చాలాసేపటి వరకూ తియ్యలేదు. నేను ఏడ్చాను. డ్యూటీలో ఏడవకూడదన్న నిబంధన ఉంటే ఉండనీ అనుకున్నాను.

మర్నాడు లోప సవరణ నివేదిక నింపాను. ‘సవరణ సమయమున హాజరైనవారు’ అని ఒక గడి ఉంది. పక్కన ‘హోదా’ అని ఇంకో గడి. మార్చిలో ధ్రువపత్రం మీద ఇలాంటి గడిలోనే కమిషనరుగారి పేరూ, ప్రత్యేకాధికారిగారి పేరూ రాశాను. ఈసారి సింగారమ్మ అని రాశాను. హోదా దగ్గర ‘వడియం తాలూకు’ అని రాశాను.

ఆ ఏడాది ఆడిట్‌వాళ్లు వచ్చి ఫైలు కాగితం కాగితం తిరగేశారు. ఇసుక కొరత గురించి ఏమీ అడగలేదు. నోటీసులు నాకిన కుక్క గురించీ, దండలు వేసిన తొమ్మిది ఫొటోల గురించీ, వాడని గోతుల గురించీ అడగలేదు. ఒకే ఒక్క అభ్యంతరం రాసి వెళ్లారు. పద్నాలుగో షరతు ప్రకారం సదరు శునకము తాలూకు మనుషులెవరును లేరని వేలిముద్రతో ధ్రువీకరించి ఉండగా, నివేదికలో ఒకరిని తాలూకుగా చూపడమైనది, ఇది వాస్తవమేనా, పదిహేను రోజులలో తెలుపగలరు అని.

పదిహేను రోజులు అక్కర్లేకపోయింది. ‘వాస్తవమే’ అని రాసి ఆ పూటే పంపించాను.